అడవిలో రాత్రి ఎవరికి దక్కుతోంది?

అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాల్లో వేసవి క్యాంపింగ్ ఆలోచన సాధారణంగా మే నెలలో పుడుతుంది. బడులకు సెలవులు దగ్గర పడతాయి, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటారు, నాలుగు కుటుంబాలు కలిసినప్పుడు ఎవరో ఒకరు ఈసారి స్టేట్ పార్కులో రెండు రాత్రులు గడుపుదాం అంటారు. ఫోన్ తీసి చూస్తే జూన్, జూలై వారాంతాలన్నీ నిండిపోయి ఉంటాయి. క్యాబిన్ల సంగతి సరేసరి, గుడారం వేసుకునే చోటు కూడా మిగలదు. ఇంత విశాలమైన దేశంలో గుడారమంత జాగా దొరకకపోవడం ఏమిటని మొదటిసారి ప్రయత్నించినవాళ్లు తెల్లబోతారు.

జాగా తక్కువన్నది నిజమే. కాలిఫోర్నియాలో 280 స్టేట్ పార్కులు ఉన్నా క్యాంప్‌సైట్లు 15,000 దాకానే. జనాభా 3.9 కోట్లు. ఒక వేసవిలో 13 శనివారాలు ఉంటాయనుకుని, ప్రతి సైటూ గరిష్ఠ పరిమితి అయిన ఎనిమిది మందితో నిండుతుందనుకుని లెక్క వేసినా 15.6 లక్షల మందికే చోటు. అంటే నూటికి నలుగురు. మిగిలిన తొంభై ఆరుగురిలో చాలామందికి అసలు ఈ కోరికే ఉండకపోవచ్చు. ఉన్నవాళ్లలో ఎవరికి దక్కుతుంది, ఎవరికి దక్కదు అన్నది మాత్రం అదృష్టం మీద కాక నిబంధన మీద ఆధారపడి ఉంది. బుకింగ్ నిబంధన పైకి గుమస్తా వ్యవహారంలా కనిపిస్తుంది. ప్రజల సొత్తును ప్రజల్లో ఎవరు అనుభవించాలో ఈరోజు తేలుస్తున్నది అదే. అందుకే దాన్ని అన్ని వైపుల నుంచీ చూడాలి.

స్టేట్ పార్కుల చరిత్ర నేషనల్ పార్కుల కంటే పాతది. 1864లో లింకన్ సంతకంతో యోసెమిటీ లోయ మొదట కాలిఫోర్నియా రాష్ట్రం చేతికే వచ్చింది. తిరిగి కేంద్రానికి వెళ్లింది 1906లో. న్యూయార్క్ రాష్ట్రం 1885లో నయాగరా చుట్టూ ఉన్న నేలను ప్రైవేటు యజమానుల నుంచి తీసుకుని అందరికీ తెరిచింది. అయితే ఈరోజు మనం బుక్ చేసుకునే క్యాబిన్లు, రాతి వంటశాలలు, లోపలి రోడ్లలో ఎన్నో 1933 నుంచి 1942 దాకా నడిచిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ కట్టినవి. మహా మాంద్యంలో పని లేని దాదాపు 30 లక్షల మంది యువకులకు ప్రభుత్వం నెలకు 30 డాలర్ల జీతం ఇచ్చి, అందులో 25 డాలర్లు నేరుగా ఇంటికి పంపించి, వాళ్ల చేత అడవుల్లో పని చేయించింది. వర్జీనియా రాష్ట్రం 1936 జూన్‌లో ఒకే రోజున ఆరు పార్కులు తెరవగలిగింది కూడా ఆ యువకుల శ్రమతోనే.

ఆ పార్కుల్లో ఎవరు పడుకోవచ్చన్న ప్రశ్న అప్పుడే పుట్టింది. 1948లో ఒక నల్లజాతి బ్యాంకరును వర్జీనియాలోని స్టాంటన్ రివర్ స్టేట్ పార్కులోకి రానివ్వలేదు. ఆయన కోర్టుకెక్కారు. రాష్ట్రం ఆ పార్కు తలుపు తీయలేదు. నల్లజాతివారికోసమని 1950లో ప్రిన్స్ ఎడ్వర్డ్ అనే వేరే పార్కు ఏర్పాటు చేసింది. అది ఇప్పుడు ట్విన్ లేక్స్ స్టేట్ పార్కులో భాగం. ఇప్పుడు అలాంటి బోర్డులు ఎక్కడా లేవు. కానీ బోర్డు లేకుండా కూడా కొందరికి తలుపు మూసుకుపోవచ్చు. ఎవరూ కావాలని చేయకపోయినా నిబంధన తన పని తాను చేసుకుపోతుంది. ఈ విషయంలో నాకున్న ఆందోళనంతా అదే.

చాలాకాలం క్యాంప్‌సైటు పొందే పద్ధతి సులువుగా ఉండేది. ముందు వచ్చినవారికి ముందు. శుక్రవారం మధ్యాహ్నానికల్లా చేరితే చోటు, సాయంత్రమైతే వెనక్కి. తర్వాత ఫోన్ బుకింగులు వచ్చాయి, ఆ తర్వాత కంప్యూటర్. రాష్ట్రాలు ఈ పనిని సొంతంగా చేయకుండా సాఫ్ట్‌వేర్ కంపెనీలకు అప్పగించాయి. చాలా రాష్ట్రాలకు రిజర్వ్‌అమెరికా అనే ఒకే వ్యవస్థ పనిచేసింది. కాలిఫోర్నియా 2017లో దాన్ని వదిలి రిజర్వ్‌కాలిఫోర్నియాకు మారింది. ఆన్‌లైన్ పద్ధతి చేసిన మేలును తక్కువ చేయకూడదు. నాలుగు గంటలు కారు నడిపి, వెనక సీట్లో పిల్లలు నిద్రపోతుండగా గేటు దగ్గర ‘ఖాళీ లేదు’ బోర్డు చూసి తిరిగి రావలసిన అవస్థ పోయింది. ఏ సైటు నీళ్ల పక్కన ఉంది, ఏది మరుగుదొడ్డికి దగ్గర, ఎక్కడ నీడ, ఎక్కడ 30 ఆంపియర్ల కరెంటు, ఎక్కడ 50 అన్నది మ్యాపులో కనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లేవారికి ఆ సమాచారం ఎంత విలువైందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక అసలు చిక్కు. ఎన్నాళ్ల ముందు నుంచి బుక్ చేసుకోనివ్వాలి? జార్జియా 13 నెలల ముందు నుంచి ఇస్తుంది. విస్కాన్సిన్ 11 నెలలు, న్యూయార్క్, వాషింగ్టన్ 9 నెలలు, కాలిఫోర్నియా, ఆరిగన్ 6 నెలలు, టెక్సాస్ 5 నెలలు, మిన్నెసోటా 120 రోజులు. ఈ గడువులు అప్పుడప్పుడూ మారుతుంటాయి, వెళ్లబోయే ముందు ఆ రాష్ట్రం నిబంధన ఒకసారి చూసుకోవడం అవసరం. కానీ ఇక్కడ గమనించాల్సింది అంకెలు కాదు, ఆ అంకె వెనక ఎవరున్నారన్నది. పదమూడు నెలల తర్వాత ఏ వారాంతం ఖాళీగా ఉంటుందో ఎవరికి తెలుసు? రిటైరై, పెద్ద మోటార్‌హోమ్ కొనుక్కుని ఊళ్లు తిరిగేవాళ్లకు తెలుసు. ఏటా అదే వారం సెలవు పెట్టే స్థిరమైన ఉద్యోగులకు తెలుసు. గిడ్డంగిలో షిఫ్టులు చేసేవారికి, ఆసుపత్రి నర్సుకు, వచ్చే నెల డ్యూటీ చార్టు ఇంకా చేతికి రాని రెస్టారెంటు ఉద్యోగికి తెలియదు. కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో తెలియని మన ఐటీ పిల్లలకూ తెలియదు. గడువు ఎంత పొడుగైతే బతుకులో నిలకడ ఉన్నవాళ్లకు అంత అనుకూలం.

గడువు తగ్గించినంత మాత్రాన అంతా సర్దుకోదు. మరీ తగ్గిస్తే దూరం నుంచి వచ్చేవారు విమానం టికెట్లు కొనలేరు, ఇండియా నుంచి వచ్చే తల్లిదండ్రుల ప్రయాణంతో దీన్ని జతచేయడం కుదరదు. నా అంచనాలో మిన్నెసోటా, టెక్సాస్ పెట్టుకున్న నాలుగైదు నెలలు న్యాయానికి దగ్గరగా ఉన్నాయి. పిల్లల బడి క్యాలెండరు తెలిసి ఉంటుంది, ఉద్యోగంలో సెలవు అడగడానికి వ్యవధి ఉంటుంది, బతుకు మరీ తలకిందులయ్యేంత దూరమూ కాదు.

గడువుతో పాటు ఇంకో కిటుకు నడుస్తోంది. కాలిఫోర్నియాలో ఏ తేదీన చేరాలనుకుంటామో దానికి సరిగ్గా ఆరు నెలల ముందు ఉదయం 8 గంటలకు ఆ తేదీ తెరుచుకుంటుంది. జూలై 4 రాత్రి కావలసినవారు జనవరి 4 ఉదయం కంప్యూటర్ ముందు కూర్చోవాలి. కానీ జూలై 1న చేరి వారం రోజులు ఉంటానని జనవరి 1నే బుక్ చేసినవారి ఖాతాలోకి జూలై 4 కూడా వెళ్లిపోతుంది. తర్వాత వాళ్లు ముందు మూడు రాత్రులు వదిలేసుకుంటారు. జనవరి 4 దాకా నిబద్ధంగా వేచి ఉన్నవారికి ఆ తేదీ తెరుచుకునేసరికే అది ఖాళీ కాదు. ఈ పని చేసేవాళ్లంతా దుర్మార్గులని నేననను. అందరూ చేస్తున్నారని తెలిశాక చేయకుండా కూర్చోవడం కష్టం. కొన్ని వ్యవస్థలు బుక్ చేసిన వెంటనే చేరే తేదీ మార్చనివ్వకుండా కట్టడి పెట్టాయి. ఆ కట్టడి ప్రతి రాష్ట్రంలోనూ ఉండాలి. దీనికి కొత్త నిర్మాణం అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు, సాఫ్ట్‌వేర్‌లో ఒక నియమం చాలు.

ఉదయం ఎనిమిది గంటల పరుగు సంగతి వేరు. కాలిఫోర్నియా తీరంలో మౌంట్ తమల్పాయస్ పార్కు కింద స్టీప్ రవైన్ అనే చోట సముద్రం అంచున కొన్ని చెక్క క్యాబిన్లున్నాయి. 1930ల్లో కట్టినవి. కరెంటు లేదు, లోపల కుళాయి లేదు, పడుకోవడానికి చెక్క అరుగులు, చలి కాచుకోవడానికి పొయ్యి మాత్రం ఉంటాయి. మాంద్యం నాటి పేద తల్లి ఫొటోతో ప్రపంచమంతా ఎరిగిన డొరోథియా లాంగ్ తన కుటుంబంతో వచ్చి గడిపింది ఇక్కడే. అవి పదికి మించవు. బిగ్ సర్ దగ్గర జూలియా ఫైఫర్ బర్న్స్ పార్కులో నడిచి వెళ్లి గుడారం వేసుకునే సైట్లు రెండే రెండు. ఇలాంటివి తెరుచుకున్న క్షణంలో అయిపోతాయి. వేగంగా నొక్కే వేలు, మంచి ఇంటర్నెట్, ఆ సమయానికి పనిలో లేకపోవడం, కొందరి విషయంలో మనిషికి బదులు నొక్కే ప్రోగ్రాము, ఇవన్నీ కలిస్తేనే చోటు. రద్దయిన సైట్లను కనిపెట్టి ఫోనుకు కబురు పంపే చెల్లింపు సేవలు కూడా పుట్టాయి. వాటిలో తప్పేమీ లేకపోవచ్చు. కానీ ప్రజల పార్కులో చోటు దొరకడానికి ప్రైవేటు కంపెనీకి చందా కట్టాల్సి రావడం నాకు మింగుడు పడదు. ఆ కబురు రాష్ట్రమే ఉచితంగా పంపాలి.

ఈ పరుగుకు విరుగుడు లాటరీ. తిరుమలలో కొన్ని ఆర్జిత సేవల టికెట్లు ఎలక్ట్రానిక్ డిప్‌లో ఇవ్వడం మనవాళ్లకు అలవాటే. నెలల ముందు పేరు నమోదు చేసుకుంటాం, ఎవరికన్నది డిప్ తేలుస్తుంది. పేరు రాకపోతే బాధ ఉంటుంది, కానీ నెట్ నెమ్మదించిందనో, ఆ సమయానికి డ్యూటీలో ఉన్నామనో చింత ఉండదు. నమోదుకు రోజుల వ్యవధి ఉంటుంది కాబట్టి రాత్రి షిఫ్టు మనిషికీ పగటి షిఫ్టు మనిషికీ ఒకే అవకాశం. 2023లో కాలిఫోర్నియా చేసిన ఏబీ 618 చట్టం ఈ దారినే కొంచెం తెరిచింది. అత్యంత గిరాకీ ఉన్న ఐదు పార్కుల దాకా లాటరీ పద్ధతిని ప్రవేశపెట్టడానికి వీలు కల్పించింది. స్టీప్ రవైన్ లాంటి చోట ఇంతకంటే న్యాయమైన పద్ధతి నాకు తోచడం లేదు. మామూలు పార్కులకు మాత్రం లాటరీ అనవసరమైన బరువు. సగం ఖాళీగా ఉండే నవంబరు మంగళవారానికి డిప్ ఎందుకు?

ఆ చట్టంలో నాకు మరింత నచ్చిన భాగం రద్దుల గురించినది. పార్కుకు వెళ్లినవారికి తరచూ కనిపించే దృశ్యమొకటి ఉంది. ఆన్‌లైన్‌లో అన్నీ నిండినట్టు చూపిస్తుంది, లోపల నడిస్తే అక్కడక్కడా ఖాళీ సైట్లు. బుక్ చేసుకున్నవారు రాలేదు, రద్దూ చేయలేదు. రాత్రికి ముప్పై డాలర్లు పోవడం కొందరికి లెక్కలోది కాదు. మూడు వారాంతాలకు మూడు పార్కులు బుక్ చేసి, వాతావరణం చూసుకుని ఒకదానికి వెళ్లేవాళ్లూ ఉన్నారు. 2024 నుంచి కాలిఫోర్నియాలో చేరే రోజుకు 2 నుంచి 6 రోజుల ముందు రద్దు చేస్తే మొదటి రాత్రి రుసుము పోతుంది. అంతకంటే ఆలస్యమైనా, చెప్పకుండా రాకపోయినా మొత్తం పోతుంది. రద్దీ కాలంలో ఒకే విడతలో 7 రాత్రులకు మించి, ఏడాదిలో ఒకే పార్కులో 30 రాత్రులకు మించి ఉండనివ్వరు. ఇది కఠినంగా కనిపించినా మేలే చేస్తుంది. వారం ముందు రద్దయిన సైటు ఇంకొకరికి పనికొస్తుంది. రాని మనిషి పేరున ఉండిపోయిన సైటు ఎవరికీ పనికిరాదు.

అన్ని సైట్లనూ ఆన్‌లైన్‌లోనే ఇచ్చేయడం వల్ల ఎవరు వెనకబడుతున్నారన్న దానికి ఒక ఆధారం ఉంది. మొంటానా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రధానంగా చేసి 2022లో ప్రచురించిన ఒక అధ్యయనం ఐదు నేషనల్ పార్కు క్యాంప్‌గ్రౌండ్లను పరిశీలించింది. మొబైల్ ఫోన్ల కదలికల సమాచారంతో, ముందుగా బుక్ చేసుకునే సైట్లకూ ముందు వచ్చినవారికి ఇచ్చే సైట్లకూ ఎలాంటి ప్రాంతాల నుంచి జనం వస్తున్నారో పోల్చింది. బుకింగ్ సైట్లలో దిగినవారు సగటున ఎక్కువ ఆదాయం ఉన్న ప్రాంతాల నుంచి వచ్చినట్టు తేలింది. అవి నేషనల్ పార్కులు, ఐదే ఐదు చోట్లు, కాబట్టి ఆ ఫలితాన్ని దేశమంతటికీ అంటగట్టకూడదు. కానీ గడువు గురించి పైన చెప్పిన తర్కానికి అది బలమే. ముందు వచ్చినవారికి ఇచ్చే పద్ధతిలోనూ లోపముంది. శుక్రవారం పొద్దున్నే బయల్దేరగలిగినవాడిదే అక్కడ పైచేయి. అందుకే ఏ ఒక్క పద్ధతినీ పూర్తిగా నమ్మకుండా, సైట్లను విడతలుగా పంచడమే నా దృష్టిలో సరైంది. సగం నాలుగైదు నెలల ముందు, కొన్ని నెల ముందు, కొన్ని ఆ వారంలోనే. చివరి క్షణంలో సెలవు దొరికే మనిషికి కూడా ఏదో ఒక తలుపు తెరిచి ఉంటుంది.

రుసుము పెంచితే గిరాకీ తగ్గుతుందని ఆర్థికశాస్త్రం తెలిసినవారు చెబుతారు. తగ్గుతుంది, నిజమే. ఎవరి గిరాకీ తగ్గుతుందన్నదే ప్రశ్న. ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్‌తో పోలిస్తే స్టేట్ పార్కు చవక, చవకగా ఉండాలి కూడా, ఎందుకంటే అది పన్నులతో నిలబడింది. ధరను తక్కెడగా పెడితే హోటలుకు వెళ్లగలిగినవాడికే అడవి కూడా దక్కుతుంది. బుకింగ్ చేసినందుకు కంపెనీలకు పోయే అదనపు రుసుము మీద మాత్రం గట్టిగా నిలదీయాలి. రద్దు చేసినా అది సాధారణంగా తిరిగి రాదు. కేంద్ర ప్రభుత్వ స్థలాల విషయంలో, నెవాడాలోని రెడ్ రాక్ కాన్యన్ ప్రవేశానికి వసూలు చేసిన 2 డాలర్ల బుకింగ్ రుసుమును ప్రజాభిప్రాయం తీసుకోకుండా పెట్టడం చట్టవిరుద్ధమని 2022లో ఒక ఫెడరల్ జడ్జి తీర్పిచ్చారు. రెండు డాలర్లు చిన్న మొత్తమే. కానీ ప్రజల స్థలంలో ఏ రుసుమైనా ప్రజల్ని అడిగి పెట్టాలన్న సూత్రం చిన్నది కాదు.

సొంత రాష్ట్రం వాళ్లకు ముందు ఇవ్వాలా? ఫ్లోరిడా 2024 నుంచి తన నివాసులకు 11 నెలల ముందు, బయటివారికి 10 నెలల ముందు బుకింగ్ తెరుస్తోంది. ఆరిగన్ 2022లో బయటి రాష్ట్రాల మోటార్‌హోమ్‌లకు 25 శాతం అదనపు రుసుము పెట్టింది. పన్ను కట్టేది మేము కదా అన్న వాదనలో బలముంది. కానీ చాలా స్టేట్ పార్కుల నేల, కట్టడాలు కేంద్రం ఇచ్చే ల్యాండ్ అండ్ వాటర్ కన్జర్వేషన్ ఫండ్ డబ్బుతో వచ్చినవి. ఆ నిధి సాయం పొందిన స్థలాల్లో నివాసం ఆధారంగా బుకింగులో ప్రాధాన్యం ఇవ్వకూడదని, రుసుములో సమంజసమైన తేడా మాత్రం ఉండవచ్చని ఆ చట్టమే చెబుతుంది. నాకు ఈ సూత్రం నచ్చుతుంది. డబ్బులో కొంచెం తేడా ఉన్నా ఫర్వాలేదు, వరుసలో మాత్రం అందరూ ఒకటే. ఉద్యోగం కోసం రాష్ట్రాలు మారుతూ బతికే వలస కుటుంబాలకు ఈ తేడా బాగా తెలుస్తుంది.

క్యాబిన్లది ప్రత్యేకమైన కథ. గుడారంలో నేల మీద పడుకోలేనివారు ఎంతోమంది. అరవై దాటిన తల్లిదండ్రులు, చంటిపిల్లల తల్లులు, చక్రాల కుర్చీలో ఉన్నవారు, రాత్రి ఆక్సిజన్ యంత్రం పెట్టుకోవలసినవారు. క్యాంపింగ్ సామాను కొనే స్తోమత లేనివాళ్లూ ఉన్నారు. వీళ్లందరికీ అడవిలో రాత్రి అంటే క్యాబినే. ఆరిగన్ 1990ల్లో గుండ్రటి యర్ట్‌లు పెట్టడం మొదలుపెట్టింది కూడా ఇలాంటివారిని, వానాకాలపు యాత్రికులను దృష్టిలో పెట్టుకునే. టెక్సాస్ పార్కుల్లో ఎన్నో రకాలున్నాయి. వంటగది, బాత్రూమ్ ఉన్న క్యాబిన్లు కొన్ని. మంచాలు, కరెంటు మాత్రమే ఉండి స్నానానికి బయటికి నడవాల్సినవి కొన్ని. దోమతెర గోడలతో, పరుపు కూడా లేని స్క్రీన్డ్ షెల్టర్లు ఇంకొన్ని. పేరు చూసి ఇది చిన్న హోటల్ గది అనుకుని వెళ్లి, దుప్పట్లు లేక పెద్దవాళ్లు చలికి వణికిన సందర్భాలు నాకు తెలుసు. బుక్ చేసే ముందు ఆ వివరం ఒక్కొక్క అక్షరం చదవాలి. మంచమెంత ఎత్తు, మెట్లున్నాయా, బాత్రూమ్ ఎంత దూరం.

ఆస్టిన్‌కు తూర్పున బాస్ట్రాప్ స్టేట్ పార్కులో 1930ల్లో సివిలియన్ కన్జర్వేషన్ కోర్ యువకులు రాయితో, చెక్కతో కట్టిన క్యాబిన్లు ఇప్పటికీ అద్దెకిస్తారు. 2011 సెప్టెంబరు కార్చిచ్చులో ఆ పార్కులో 96 శాతం కాలిపోయింది. పైన్ అడవంతా బూడిదైంది. అగ్నిమాపక సిబ్బంది ఆ క్యాబిన్లను మాత్రం కాపాడారు. నేలను, ఆ కట్టడాలను ఈ దేశ ప్రజలు ఎంత విలువగా చూసుకుంటారో ఆ ఒక్క సంగతి చెబుతుంది. అంత విలువైనవి కనుకనే అవి కొద్దిమంది చేతుల్లో చిక్కుకుపోకూడదు. క్యాబిన్లకు సైట్లతో సమానమైన గడువు పెట్టడం నాకు సరిగా తోచదు. మిషిగన్ సైట్లకు 6 నెలలు, క్యాబిన్లు, లాడ్జీలకు 12 నెలలు ఇస్తుంది. ముసలివాళ్లతో, దూరదేశపు బంధువులతో చేసే ప్రయాణం ముందుగానే ఖాయమవుతుంది కనుక దానిలో న్యాయముంది. దానికి తోడుగా ఒక కుటుంబానికి ఏడాదిలో ఒక పార్కు క్యాబిన్‌లో ఇన్ని రాత్రులే అన్న పరిమితి, మెట్లు లేని క్యాబిన్లను అవసరమైనవారికి కొంతకాలం విడిగా ఉంచడం కలిస్తే బాగుంటుంది.

మనవాళ్ల క్యాంపింగ్ తీరుకు ఈ నిబంధనలు సరిగ్గా నప్పవు. అమెరికన్ కుటుంబం ఒకటి నలుగురితో ఒక సైటులో దిగుతుంది. మనం నాలుగైదు కుటుంబాలు కలిసి వెళతాం. పక్కపక్కన సైట్లు కావాలి, వంట ఒకేచోట కావాలి, పెద్ద గిన్నెలో బిర్యానీ కావాలి. సైటుకు ఎనిమిది మంది పరిమితిని మరచి పదిహేను మంది ఒకే చోట చేరితే రేంజరు వచ్చి చెప్పాల్సి వస్తుంది. రాత్రి పది తర్వాత నిశ్శబ్దంగా ఉండాలన్న నిబంధన అన్నిటికంటే తరచుగా మనవాళ్ల దగ్గరే తెగుతుంది, పాటలు, అంత్యాక్షరి పది గంటలకే ఊపందుకుంటాయి కనుక. పక్క సైటులో చంటిబిడ్డ ఉండొచ్చు, తెల్లారకముందే పక్షుల్ని చూడ్డానికి లేచే మనిషి ఉండొచ్చు. పెద్ద గుంపులకు చాలా పార్కుల్లో గ్రూప్ సైట్లున్నాయి. వాటి గురించి మనవాళ్లలో తెలిసినవారు తక్కువ. ఒక్క బుకింగుతో అందరూ ఒకచోట ఉండొచ్చు, మిగతావారికి ఇబ్బందీ ఉండదు.

దొరకనివారికి కొన్ని దారులున్నాయి. వారం మధ్య రోజులు దాదాపు ఎప్పుడూ తేలిక. టెక్సాస్‌లో ఆగస్టు ఎండలో గుడారం వేయడం కంటే నవంబరు నుంచి మార్చి దాకా వెళ్లడం ఎంతో సుఖం. ఆ నెలల్లో ఇంక్స్ లేక్ ఒడ్డున, డల్లాస్‌కు నైరుతిన డైనోసార్ వ్యాలీలో రాతి నేల మీద ఆ ప్రాచీన జంతువుల అడుగుజాడల పక్కన నడవడం పిల్లలకు ఎప్పటికీ గుర్తుండిపోతుంది. చేరే రోజుకు వారం ముందు రద్దులు ఎక్కువగా వస్తాయి, ఆ రోజుల్లో పొద్దునా సాయంత్రమూ చూడాలి. రాత్రి బసకు చోటు లేకపోయినా పగటి ప్రవేశానికి ఉండొచ్చు. ఎన్‌చాంటెడ్ రాక్ లాంటి చోట పగటి పాసు కూడా ముందే తీసుకోకపోతే గేటు దగ్గర ఆపేస్తారు. అసలు గుడారం ఎప్పుడూ వేయనివారికి టెక్సాస్ పార్కుల శాఖ నడిపే టెక్సాస్ అవుట్‌డోర్ ఫ్యామిలీ అనే కార్యక్రమం ఉంది. సామాను వాళ్లే ఇచ్చి, గుడారం వేయడం, పొయ్యి వెలిగించడం నేర్పిస్తారు. కట్టెలు మాత్రం ఇంటి నుంచి మోసుకెళ్లకండి. చెట్లను చంపే పురుగులు ఒక కౌంటీ నుంచి ఇంకో కౌంటీకి కట్టెలతోనే ప్రయాణిస్తాయి.

ఇన్ని నిబంధనలు సవరించినా, చోట్లు పెరగకపోతే పంపకం ఎంత న్యాయంగా ఉన్నా కొరత కొరతే. అది తెలుసుకోవడానికి టెక్సాస్‌లోని ఫెయిర్‌ఫీల్డ్ లేక్ ఉదంతం చాలు. డల్లాస్‌కు ఆగ్నేయంగా ఉన్న ఆ పార్కు నేల రాష్ట్రానిది కాదు, ఒక విద్యుత్ కంపెనీది. 1970ల నుంచి లీజు మీద నడిచింది. 2018లో అక్కడి బొగ్గు విద్యుత్ కేంద్రం మూతపడ్డాక కంపెనీ ఆ నేలను, సరస్సును అమ్మకానికి పెట్టింది. 2023లో ఒక డెవలపర్ 11 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొన్నాడు. పార్కు మూసేశారు. ప్రజా ప్రయోజనం కోసం బలవంతపు సేకరణకు రాష్ట్ర కమిషన్ ఆ జూన్‌లో నిర్ణయించింది, కానీ పరిహారం 41.8 కోట్ల డాలర్లుగా తేలేసరికి వెనక్కి తగ్గింది. యాభై ఏళ్ల పాటు కుటుంబాలు చేపలు పట్టి, గుడారాలు వేసుకున్న చోటు ఒక్క సంతకంతో పోయింది. ఒకటి రెండు కాదు, ఆ పార్కులోని సైట్లన్నీ బుకింగ్ జాబితా నుంచి ఒక్కసారిగా మాయమయ్యాయి.

చోట్ల కొరతకు జవాబు కూడా టెక్సాస్ ప్రజలే ఇచ్చారు. 2019లో క్రీడా సామగ్రి మీద వచ్చే అమ్మకపు పన్నును పార్కులకే కేటాయించేలా రాజ్యాంగ సవరణకు 80 శాతానికి మించి ఓటు వేశారు. 2023 నవంబరులో కొత్త పార్కులకు నేల కొనడానికి వంద కోట్ల డాలర్ల నిధికి ఒప్పుకున్నారు. నేల కొన్నంత మాత్రాన వెంటనే గుడారం వేయలేం. రోడ్డు, నీళ్లు, కరెంటు, మురుగునీటి ఏర్పాటు అయ్యేసరికి ఏళ్లు పడతాయి. ఎన్ని క్యాంప్‌సైట్లు, ఎన్ని క్యాబిన్లు, ఎన్ని గ్రూప్ సైట్లు అన్నది పార్కు ప్రణాళిక గీసే దశలోనే తేలుతుంది. ఆ దశలో అడగాల్సినవి నాకు తెలిసి మూడు. మెట్లు లేని క్యాబిన్లు మొదటి విడతలోనే కట్టాలి, తర్వాత చూద్దామని వదిలేయకూడదు. నాలుగు కుటుంబాలు పక్కపక్కన దిగేలా సైట్లను గుత్తులుగా అమర్చాలి. సైట్లలో కొంత భాగాన్ని ఆ వారంలోనే తెరిచేలా మొదటి రోజు నుంచే నిబంధన రాయాలి, ఎందుకంటే ఒకసారి పదకొండు నెలల ముందే అన్నీ ఇచ్చేయడం అలవాటయ్యాక వెనక్కి తీసుకోవడం తేలిక కాదు.